గ్రహశకలానికి మేనత్త

మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం, చదవడం మాత్రం ఎవరికీ రాదు. తమిళనాడులో, ధర్మపురి చుట్టుపక్కల మాలాంటి ఇళ్లు బోలెడు. కొన్ని వందల ఏళ్ల కిందట ఈ గడ్డకు వచ్చినప్పుడు మా పెద్దలు మాటను మూటగట్టుకొని తెచ్చుకున్నారు గాని, అక్షరాలను దారిలో ఏ సత్రంలోనో మరిచిపోయినట్టున్నారు. బడి తమిళం, బస్సు బోర్డు తమిళం, రేషన్ కార్డు తమిళం. నేనొక్కడినే ముప్పై దాటాక, పట్టుగూళ్ల బేరానికి కుప్పం పోయి వస్తూ, అక్కడి గోడల మీది సినిమా పోస్టర్లు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే మా అక్క సంగతి తెలుగులో రాస్తున్నాను. తమిళంలో రాస్తే ఆమె చదువుతుంది. ఆమె చదివిందంటే నేను ఈ వయసులో కొత్త ఊరు వెతుక్కోవాలి.

నా పని గూళ్లు చూడడం. పట్టుపురుగు కట్టిన గూడును చూసి, తాకి, చెవి దగ్గర ఆడించి, ఇందులో దారం ఎంత, మోసం ఎంత అని చెప్పడం. దారం తీసే ఒక ఫ్యాక్టరీ తరఫున ధర్మపురి గూళ్ల మార్కెట్లో ఆ పని చేసేవాడిని. పదివేల తెల్లటి గూళ్ల మధ్య ఉన్న ఒక్క మచ్చగూడును వాకిట్లోంచే పట్టేస్తానని నాకు పేరు. పదివేలు అని నేనంటాను. మిగతావాళ్లు రెండు వందలంటారు. పేరు అని కూడా నేనే అంటాను.

ఇంత చూపున్నవాడు గూళ్లకే పరిమితం కావడం లోకానికి నష్టమని నాకు ఎప్పటి నుంచో అనిపిస్తుండేది. లోకం ఏమీ అనకపోవడంతో ఓపిక పట్టాను.

గ్రహాల జాబితాలోంచి ప్లూటో పేరు కొట్టేసిన మరుసటి ఏడు అనుకుంటాను, మా ఊళ్లో ఒక రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఆదివారం సాయంత్రాలు ఒక బడి గదిలో సైన్సు సభలు పెట్టేవాడు. ఆ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుంది గనక నేను పోయేవాడిని. అలా గాలికి పోయి కూర్చున్న ఒక ఆదివారం ఆయన తన తమిళంలో చెప్పిన మాటలు నా జీవితాన్ని తలకిందులు చేశాయి.

ఎక్కడో పెద్ద టెలిస్కోపు ఆకాశంలో ఒకే ముక్కను కొన్ని నిమిషాల తేడాతో నాలుగు ఫొటోలు తీస్తుంది. వాటిని ఇంటర్నెట్లో మనకు పంపుతారు. కంప్యూటరులో ఒక సాఫ్ట్‌వేరు ఆ నాలుగింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి టకటకా మార్చి చూపిస్తుంది. చుక్కలన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఏదైనా ఒక బిందువు సమానమైన అడుగులు వేస్తూ తిన్నగా పోతే, అది సూర్యుడి చుట్టూ తిరిగే రాయి, గ్రహశకలం అయి ఉండవచ్చు. ఇంతవరకు ఎవరూ చూడనిదైతే, మొదట చూసినవాడు మనవాడే.

"ఎవరైనా చూడవచ్చా సార్?" అని నేను లేచాను.

"కళ్లుండి, ఓపికుంటే చాలు."

"పేరు?"

"ఎవరి పేరు?"

"పేరు ఎవరిది పెడతారు సార్?"

మాస్టారు నా జబ్బును అప్పుడే పసిగట్టి ఉంటాడు. తోకచుక్కకైతే కనిపెట్టినవాడి పేరే పెడతారని, గ్రహశకలానికైతే కనిపెట్టినవాడు పేరు సూచించవచ్చు గాని సొంత పేరు పెట్టుకోకూడదని, అది కూడా దాని దారి కచ్చితంగా లెక్క తేలాకే, అందుకు ఏళ్లు పడతాయని చెప్పాడు. నేను మొదటి ముక్క మాత్రమే విన్నాను. తోకచుక్క. కనిపెట్టినవాడి పేరే. నా ఇనీషియల్‌తో సహా.

ఇలా నేను ఖగోళ పరిశోధకుణ్ణి అయ్యాను. లోకంలోని ఖగోళ పరిశోధకులందరూ రాత్రుళ్లు మేలుకొని ఆకాశం చూస్తారు. తొమ్మిదింటికి గురక పెట్టి, మధ్యాహ్నం రెండు నుంచి కరెంటు పోయేదాకా పరిశోధించినవాడిని నేనొక్కడినే అయి ఉంటాను. నా వేధశాల బస్టాండు దగ్గరి బ్రౌజింగ్ సెంటరులో మూడో గది. గది అంటే రెండు ప్లైవుడ్ పలకలు. ఆ కంప్యూటరు ఆన్ చేసి వస్తే, అది తెరుచుకునేలోపల ఒక పట్టుపురుగు నాలుగు నిద్రలూ పోయి, లేచి, ఆకులు మేసి, గూడు కట్టుకునేది.

మొదటి నెలలో నేను ఏడు గ్రహశకలాలు, ఒక తోకచుక్క కనిపెట్టాను. ఏడింట్లో నాలుగు, కెమెరాలో చెడిపోయిన గడులు. రెండు, ఎక్కడి నుంచో వచ్చి కెమెరాను తాకిపోయిన కణాల గీతలు. ఏడోది నిజంగానే కదిలింది. తిన్నగా, సమానమైన అడుగులతో, శాస్త్రంలో చెప్పినట్టే కదిలింది. నాలుగో ఫొటో వచ్చేసరికి తెర అంచు దాటి కీబోర్డులోకి దిగింది. చీమ. ఇక తోకచుక్క విషయం. మసగ్గా, మెత్తగా, పక్కకు చెదిరిన తెల్లటి మరక. చూడగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో కాగితం మీద నాలుగు రకాలుగా రాసుకొని మాస్టారి ఇంటికి పరుగెత్తాను.

"ఇది పక్కనున్న పెద్ద చుక్క వెలుగు అద్దంలో చిందడం" అన్నాడాయన. "మీరు తోక కోసం చూడకండి. బిందువు కోసం చూడండి."

మాస్టారు ఇంకొక ముఖ్యమైన పని కూడా నేర్పాడు. ఫొటోలు చూసే ముందు, ఇదివరకే తెలిసిన గ్రహశకలాల జాబితాను కొత్తగా దించుకోవాలి. అది పెద్ద జాబితా. దాన్ని సాఫ్ట్‌వేరుకు ఇస్తే, తెలిసిన వాటన్నిటికీ ఫొటోలో తానే చీటీ అంటిస్తుంది. చీటీ లేకుండా కదిలేదే కొత్తది. నేను బుద్ధిగా జాబితా దించడం మొదలుపెట్టాను. సగం దిగిందో లేదో కరెంటు పోయింది. మర్నాడు మళ్లీ మొదలుపెడితే మళ్లీ సగంలో పోయింది. మూడో రోజు నాకొక ఆలోచన వచ్చింది. గూళ్ల బుట్టలో పైన నాలుగు పిడికిళ్లు చూసి మొత్తం బుట్టకు ధర చెప్పే మనిషికి సగం జాబితా చాలదా?

చాలింది. ఆ మధ్యాహ్నమే దొరికింది.

ఒక మూలన, మూడు చుక్కలు వాలుగా ఉన్నచోట, వాటి పక్కనుంచి ఒక బిందువు. ఒకటో ఫొటో, రెండు, మూడు, నాలుగు. తిన్నగా. చీటీ లేదు. చీమ అనుకొని తెరను తుడిచాను. అది పోలేదు. నేను పెట్టిన కేకకు, పక్క గదిలో ఎవరో పరీక్ష ఫలితం చూసుకుంటున్న ఆవిడ తన ఫలితమే అనుకొని ఏడ్చింది.

మాస్టారు కళ్లజోడు పైకి తోసి, నాలుగు ఫొటోలూ నాలుగుసార్లు చూసి, "గ్రహశకలమే" అన్నాడు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. "కాని కొత్తదా పాతదా అక్కడ సరిచూడాలి. ఇంకో రాత్రి కూడా కనిపించాలి. రిపోర్టు పంపుతాను. జవాబు వచ్చేదాకా ఎవరికీ చెప్పకండి."

నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పాను, ఆమె ఎవరూ కాదు గనక. క్షవరం చేసే మనిషికి చెప్పాను, కత్తి గొంతు దగ్గర ఉండగా దాపరికం మంచిది కాదు గనక. తర్వాత పాలమనిషికి, ఆ తర్వాత కారిమంగళం రూటు బస్సు కండక్టరుకు. కండక్టరుకు చెప్పడమంటే మైకు కట్టించినట్టే. ఆ సాయంత్రానికే బస్సు కారిమంగళం చేరింది. అక్కడ మా అక్క ఉంది.

ఇక్కడ ఆగి, అక్క సంగతి చెప్పాలి.

మా ఇళ్లలో బిడ్డకు పేరు పెట్టే హక్కు మేనత్తది. తండ్రిది కాదు, తాతది కాదు, పురోహితుడిది అసలే కాదు. తండ్రికి అక్కో చెల్లెలో వచ్చి, పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో బియ్యం మీద పేరు రాసి, ఆ పేరును బిడ్డ చెవిలో మూడుసార్లు చెబుతుంది. అప్పటిదాకా ఆ బిడ్డ ఊరికే బిడ్డ. నాకు ఉన్నది ఒక్కతే అక్క, నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. నాకు కూతురు పుట్టినప్పుడు మా అవ్వ పేరు పెట్టాలని ఆమె అనుకుంది. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే నా కూతురు నాతో మాట్లాడదు, ఇంట్లో ఒకరు మాట్లాడకపోతే ఎట్లా ఉంటుందో ఒకసారి చూశాను, చాలు.

అప్పట్లో నాకు నవనాగరికత ముదిరి ఉంది. పేరులోని ఇంగ్లీషు అక్షరాలను కూడి అదృష్టం చెప్పే ఒకాయన దగ్గరికి పోయి, అచ్చులు రెండేసి ఉన్న ఒక పేరు చీటీ మీద రాయించుకొచ్చాను. పేరు పెట్టే రోజున అక్క బియ్యం సర్ది, ఉంగరం తీసి, బిడ్డ చెవి దగ్గరికి వంగింది. నేను చీటీ చేతికిచ్చి, "ఈ పేరు చెప్పక్కా" అన్నాను. ఆమె చీటీ చూసింది. దాన్ని బియ్యం మీద పెట్టింది. ఉంగరం వేలికి తొడుక్కుంది. లేచి, వడ ముట్టకుండా కారిమంగళం బస్సెక్కింది.

ఆరేళ్లు.

అంటే చూసుకోకుండా ఆరేళ్లని కాదు. ఆమెకు మల్బరీ తోట ఉంది, పురుగులు పెంచుతుంది, గూళ్లు మా మార్కెట్టుకే తెస్తుంది. కోతకోతకూ ఎదురుపడేవాళ్లం. ఆమె గుట్ట ముందు నిలబడి నేను పక్కనున్న రైతుతో, "గూళ్లు తడిగా ఉండాయని చెప్పన్నా" అనేవాడిని. తడి గూడు తూకం పెంచుతుంది, దారం పెంచదు. ఆమె గూళ్ల గుట్టకు చెప్పేది: "తడేం లేదు. చూసేవాని చెయ్యే చెమట." ఒక్కసారి కూడా నాకు అమ్మలేదు. మా ఇంటి గడప తొక్కలేదు. నా కూతుర్ని బజార్లో చూస్తే చేతిలో ఏదైనా పెట్టి పోయేది గాని, పేరు పెట్టి పిలిచేది కాదు. "పాపా" అనేది, అంతే.

అలాంటి మనిషి కండక్టరు మాట విన్న మర్నాడు పొద్దున పదింటికి మా వాకిట్లో నిలబడింది. చేతిలో ఇత్తడి పళ్లెం, అందులో బియ్యం, పసుపు, కుంకుమ.

నేను పళ్లు తోముకుంటున్నాను. బ్రష్షు నోట్లోనే ఉండిపోయింది.

"ఏమిరా, గుడ్లు మిటకరిస్తావు? లోపలికి రమ్మనవా?"

"రా అక్కా" అన్నాను, నురుగుతో.

"ఏమో పుట్టిందంటనే."

"పుట్టలేదక్కా, కనిపెట్టినాను."

"రెండూ ఒగటే. దానికి పేరెవురు పెడతారు?"

నిజం చెప్పాల్సిన చోటు అది. ఇంకా జవాబు రాలేదని, వచ్చినా పేరు దాకా పోవడానికి ఏళ్లు పడుతుందని, ముందే ఎవరైనా చూసి ఉండవచ్చని. మాస్టారి మాటలన్నీ నా నాలుక చివర్లోనే ఉన్నాయి, పేస్టుతో పాటు. కాని ఆరేళ్ల తర్వాత అక్క మా ఇంటి చాప మీద కూర్చొని ఉంది. మా ఆవిడ కాఫీకి పాలు పెట్టేసింది. నేను నురుగు ఉమ్మేసి, "నువ్వే పెట్టాల అక్కా" అన్నాను.

అక్క పళ్లెం ముందుకు లాక్కుంది. బ్రౌజింగ్ సెంటరులో తీయించిన ప్రింటు తెచ్చి చూపించాను. నల్లటి కాగితం నిండా తెల్లటి చుక్కలు, నా బిందువు చుట్టూ పెన్నుతో గీసిన వలయం.

"ఇంతేనా?"

"దూరం నుంచి తీసినారు. దగ్గరికి పోతే వత్తల్‌మలై కొండంత ఉంటాది." మాస్టారు ఒకటి రెండు కిలోమీటర్లు ఉండవచ్చన్నాడు. నేను కొండ కింద చెట్లు కూడా కలిపాను.

"మగబిడ్డా, ఆడబిడ్డా?"

"రాయక్కా."

"రాయైతే ఏమి? అమ్మోరు గూడా రాయే. ఆడబిడ్డ అనుకుంటా. యాడుంటుంది?"

"అంగారకుడికీ గురుడికీ నడుమ."

అక్క ముఖం చిన్నబోయింది. "అంగారకుని పక్కనా? చెవ్వాయి దోషం, కుజదోషం గదరా. పెండ్లికి కష్టం."

"దానికి పెండ్లేంటి వదినా!" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"నువ్వు పాలు చూడు, పొంగుతాయి."

పేరు నియమాలు నాకు తెలిసినంతవరకు చెప్పాను. పదహారు ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు. కుక్కల పేర్లు, పిల్లుల పేర్లు వద్దంటారు. రాజకీయ నాయకుల పేరైతే వాళ్లు పోయి నూరేళ్లు కావాలి. అక్క ఆలోచించింది.

"అవ్వ పోయి ఇరవై ఏండ్లే. ఆమె నాయకురాలు అంటారా?"

"ఇంట్లో పెత్తనం లెక్కకు రాదక్కా."

"ఎట్ల రాదు? తాతను అడుగు."

తాత పోయి ఇరవై రెండేళ్లు. అడగలేదు.

అక్క ముందు కాగితానికి పసుపు అద్దింది. తర్వాత, ఎవరూ ఆపేలోపల, నేను గీసిన వలయం నడుమ నిండుగా ఒక కుంకుమ బొట్టు పెట్టింది. గ్రహశకలం బొట్టు కింద మాయమైపోయింది. ఖగోళశాస్త్రంలో గ్రహణాలు పట్టడం విన్నాను, కుంకుమ పట్టడం అదే మొదలు. తర్వాత ఉంగరం తీసి, బియ్యం మీద తమిళ అక్షరాల్లో పేరు రాసింది. మా అవ్వ పేరే. చెవిలో చెప్పడానికి కాగితం ఎత్తింది, అటూ ఇటూ తిప్పింది.

"దీనికి చెవేదిరా?"

నా పాండిత్యం అంతా అక్కడ ఆగిపోయింది. రాయికి చెవి ఎక్కడుంటుందో ఏ మాస్టారూ చెప్పలేదు. నేనే దాని తండ్రిని గనక నా చెవి ఇస్తానన్నాను. అక్క నా చెవి వంక చూసి మొహం తిప్పుకుంది. "మాట వినే చెవి గావాల" అంది.

నా కూతురు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఒకటో తరగతి.

"ఇట్రా పాపా" అంది అక్క. "దీనికి చెవి లేదంట. నీది రవ్వంత ఇయ్యి."

అది నవ్వుతూ వచ్చి జుట్టు పక్కకు తీసి చెవి చూపించింది. అక్క వంగింది. చాలాసేపు వంగే ఉంది. మూడుసార్లు చెప్పింది. పాప చెవి గులగుల అని మెలికలు తిరిగింది. అక్క లేచి, వడ పెట్టమంది. నాలుగు తిన్నది.

ఆ తర్వాత ఎనిమిది రోజులు నాకంటే సుఖంగా భూమ్మీద ఎవరూ ఉండి ఉండరు. తొమ్మిదో రోజున మాస్టారు కబురు పెట్టాడు.

"మీరు దించుకున్న జాబితా ఎంత?" అన్నాడు ముందుగా.

"సగం సార్. కరెంటు."

"మీ గ్రహశకలం మిగతా సగంలో ఉంది."

ఎన్నో ఏళ్ల కిందటే ఎవరో చూశారట. దాని దారి లెక్క కట్టారు, నంబరు ఇచ్చారు, పేరు కూడా పెట్టేశారు. దూర దేశంలో ఒక చిన్న ఊరి పేరు. నా ముఖం చూసి మాస్టారు కుర్చీ జరిపాడు. "మీ పని వృథా కాలేదు. మీరు కొలిచిన నాలుగు చోట్లూ దాని లెక్కలో చేరతాయి. ఎవరు ఎన్నిసార్లు చూస్తే దాని దారి అంత కచ్చితంగా తెలుస్తుంది. కనిపెట్టడం ఒక్కసారే సార్. మిగతాదంతా మళ్లీ మళ్లీ చూడడమే."

గొప్ప మాట. నా చెవికి ఎక్కలేదు. నా బుర్రలో ఉన్నది ఒకటే: ఈ బిడ్డకూ ముందే పేరు పెట్టేశారు. మేనత్త చేతికి మళ్లీ చీటీ ఇచ్చాను. ఈసారి వడలు తిన్నాక.

నేను చెప్పలేదు. మగతనం గురించి నా దగ్గర చాలా కథలున్నాయి గాని ఇందులో ఏదీ పనికిరాలేదు. అక్క ఇప్పుడు వారం వారం వస్తోంది. రాగిపిండి తెస్తుంది, మునగాకు తెస్తుంది, పెరట్లో కూర్చొని పాపకు తలకు నూనె పెడుతుంది. వచ్చీ రాగానే అడుగుతుంది.

"బిడ్డ ఎట్లుండాది?"

"తిరుగుతాంది అక్కా."

"దారి లెక్క కట్టినారా?"

"కట్టినారు." ఇవి రెండూ నిజాలే. ఎవరి బిడ్డ అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మూడో వారం నుంచి నిజాలు అయిపోయాయి. అది సూర్యుడికి అవతల పక్కకు పోయిందన్నాను. ఇంకో వారం మబ్బు అన్నాను. ఇంకో వారం దానికి కొంచెం వెలుగు తగ్గిందన్నాను. అక్క కంగారుపడి దిష్టి తీసింది, నాకు.

"చెప్పేయండి" అని మా ఆవిడ రోజూ నస. "ఎన్నాళ్లు దాస్తారు? మీకు నాలుగు నిమిషాలు మాట నిలవదు."

"చెప్తే మళ్లీ ఆరేళ్లు రాదు."

"చెప్పకపోతే?"

ఆకాశంలో కోట్ల మైళ్ల అవతల రాయి ఎటు పోతుందో చెప్పగల మనుషులున్న లోకంలో, నలభై నిమిషాల బస్సు దూరంలో ఉన్న అక్క ఎటు పోతుందో నాకు తెలియలేదు.

ఫ్లెక్సు బోర్డు నా కొంప ముంచింది. ఆ రోజుల్లో మా జిల్లాలో చెవులు కుట్టినా, బోరు వేసినా ఫ్లెక్సు కట్టేవాళ్లు. ఒక గూళ్ల రోజున కారిమంగళం రైతు ఒకాయన నన్ను చూసి చేతులు జోడించాడు. "వచ్చే సంతకు మీ బోర్డు కడతారంట గదా! మీ అక్క ఆర్డరు ఇచ్చింది. నడుమ మీ ఫొటో, ఎనక ఆకాశం, పైన ఆ రాయి పేరు. పన్నెండడుగులంట."

పన్నెండడుగులు. ఇది నేను పెంచి చెబుతున్నది కాదు. జీవితంలో మొదటిసారి నాకంటే పెద్దగా ఎవరో పెంచారు.

అక్క మార్కెట్టులోనే ఉంది, తన గుట్ట ముందు. పక్కన మనుషులు వేలం అరుస్తున్నారు. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"అక్కా, ఆ బోర్డు కట్టొద్దు."

"ఏం, ఫొటో బాగలేదా? మీసం దిద్దమని చెప్పినా."

"ఆ రాయి నాది కాదు. ముందే ఎవురో చూసినారు. నేను సగం జాబితా చూసి కొత్తదనుకున్నా. రెండు నెలలు దాటింది జవాబు వచ్చి."

ఆమె చేతులు గూళ్లలో ఆగాయి. వేలం అరుపులు ఆగలేదు. అవి ఆగి ఉంటే బాగుండేది.

"దానికి పేరుందా?"

"ఉండాది."

"ఏం పేరు?"

"ఏదో ఊరి పేరు. దూర దేశం."

"ఊరి పేరా!" అంది అక్క, నిజంగా నొచ్చుకొని. "బిడ్డకు ఊరి పేరు పెడతారా ఎవురైనా? మేనత్త లేదా వాళ్లకు?"

"అక్కా, నీ చేతికి మళ్లీ..." అని మొదలుపెట్టాను. సగంలో ఆపి, గూళ్లు చూస్తున్నట్టు వంగాను.

"అది రికార్డు పేరు గదా?"

"అవును."

"పిలిచే పేరు?"

మా వైపు ప్రతి మనిషికీ రెండు పేర్లు. బడిలో, రేషన్ కార్డులో ఒకటి. ఇంట్లో, వీధిలో ఇంకొకటి. ఎవడైనా వచ్చి నా రికార్డు పేరు అడిగితే మా వీధిలో సగం మంది అలాంటివాడు లేడని పంపేస్తారు.

"పిలిచే పేరు లేదక్కా. దాన్ని ఎవురు పిలుస్తారు?"

"మరి ఏం ఇబ్బందొచ్చింది? ఆళ్ల రికార్డు ఆళ్లది." అక్క ఒక గూడు తీసి చెవి దగ్గర ఆడించి పక్కన పడేసింది. "రాయికి యాడ వినబడుతుందిరా, అది సుమ్మా, ఊరికే చేసినా. నేను చెప్పింది నీ కూతురికి. ఆ పొద్దు నుంచీ అది ఆ పేరుకే పలుకుతుంది. నీకు తెలీదా?"

నాకు తెలియదు.

రెండు నెలలుగా మా పెరట్లో, నూనె గిన్నె పక్కన, వారం వారం ఒక పిలుపు, ఒక పలుకు. నాలుగు ఫొటోల్లో వెంట్రుకంత కదిలిన బిందువును పట్టిన నా కళ్ల ముందే నా కూతురు ఒక పేరు నుంచి ఇంకో పేరులోకి నడిచిపోయింది. నేను చూడలేదు. మా ఆవిడకు తెలుసు. పాలమనిషికి తెలుసు. కండక్టరుకు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"బోర్డు?" అన్నాను.

"అదెందుకు వృథా చేసేది? నీ ఫొటో తీసేసి పాప ఫొటో వెయ్యమంటా. పేరు అదే. ఎనక ఆకాశం ఉండనీ, బాగుండాది." మళ్లీ గూళ్లలో చేతులు పెట్టి, "నీ మీసానికి అయిన ఖర్చు పోతే పోయింది" అంది.

బోర్డు కట్టారు. సంతకు వచ్చినవాళ్లందరూ చూశారు. పాప బోర్డు కింద నిలబడి ఫొటో తీయించుకుంది. దానికి ఇప్పుడు ఇంజనీరింగు అయిపోయింది. ఆఫీసులో రెండేసి అచ్చుల పేరు, ఇంట్లో అవ్వ పేరు. రెండింటికీ పలుకుతుంది, నేను పిలిస్తే తప్ప.

నేను ఆ తర్వాత రెండేళ్లు ఫొటోలు చూశాను. జాబితా మొత్తం దించుకొని. కొత్తది ఒక్కటీ దొరకలేదు. తెలిసినవాటినే కొలిచి పంపుతుంటే మాస్టారు సంతోషించేవాడు. దూరదేశపు ఊరి పేరున్న రాయి ఇంకోసారి మా ఫొటోల్లోకి వచ్చింది. సాఫ్ట్‌వేరు దానికి చీటీ అంటించింది. అక్కను బ్రౌజింగ్ సెంటరుకు తీసుకుపోయి చూపించాను. తెరకు బొట్టు పెడతానంటే సెంటరు ఆవిడ ఒప్పుకోలేదు.

ఇక మార్కెట్టులో ఆ రోజు సంగతి ఒకటి మిగిలింది. మాటలయ్యాక అక్క తన గుట్టను నావైపు తోసి, "ఈసారి నీకే వేస్తాండా. చూసుకో" అంది. ఆరేళ్ల తర్వాత మొదటిసారి. నేను మణికట్టు దాకా చెయ్యి దూర్చాను. అక్క నన్నే చూస్తోంది.

"ఎట్లుండాయి?"

"బంగారం అక్కా" అన్నాను.

ఆమెకు తెలుగు చదవడం రాదు గనక ధైర్యంగా రాస్తున్నాను. గూళ్లు తడివే.